రాయబారి మాటకు విలువెంత?

2013 మార్చి 14న మన సుప్రీంకోర్టు ఎప్పుడూ వినని ఉత్తర్వు ఒకటి ఇచ్చింది. ఢిల్లీలోని ఇటలీ రాయబారి డానియేలే మంచీనీ భారతదేశం వదిలి వెళ్లకూడదన్నది దాని సారాంశం. విమానాశ్రయాల్లో ఇమ్మిగ్రేషన్ సిబ్బందికి హెచ్చరికలు వెళ్లాయి. ఒక సార్వభౌమ దేశం తరఫున వచ్చిన మనిషిని ఇలా ఆపవచ్చా అని దౌత్యం తెలిసినవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు.

జరిగిందేమిటంటే, 2012 ఫిబ్రవరిలో కేరళ తీరానికి దూరంగా ఎన్రికా లెక్సీ అనే ఇటలీ నౌక మీద నుంచి కాల్పులు జరిగి ఇద్దరు మత్స్యకారులు చనిపోయారు. ఆ నౌకకు కాపలాగా ఉన్న ఇద్దరు ఇటలీ నావికా సైనికుల మీద కేసు నడుస్తోంది. తమ దేశంలో ఎన్నికలు వచ్చాయి, ఓటు వేసి వస్తామని వాళ్లు సెలవడిగారు. తీసుకొచ్చే పూచీ నాదంటూ రాయబారి స్వయంగా కోర్టుకు ప్రమాణపత్రం ఇచ్చారు. కోర్టు నాలుగు వారాలు సెలవిచ్చింది. తీరా మార్చి 11న రోమ్ ప్రభుత్వం వాళ్లిక తిరిగి రారని తేల్చేసింది. అప్పుడు కోర్టుకు మిగిలింది మాటిచ్చిన మనిషి ఒక్కడే. దౌత్యవేత్తలకు కోర్టుల నుంచి రక్షణ ఉంటుంది కదా అన్న వాదన వచ్చింది. తనంతట తానుగా కోర్టుకు వచ్చి, పూచీకత్తు ఇచ్చి, దాని మీద మేలు పొందినవాడు ఆ తర్వాత రక్షణ చాటుకు పోతానంటే ఎలా అని ప్రధాన న్యాయమూర్తి ఆల్తమస్ కబీర్ ధర్మాసనం అడిగింది. మార్చి 22న సైనికులిద్దరూ ఢిల్లీ వచ్చారు. వాళ్లను తిప్పి పంపినందుకు అలిగి ఇటలీ విదేశాంగ మంత్రి జూలియో తెర్జీ రాజీనామా చేశారు. ఆ కేసు అంతర్జాతీయ మధ్యవర్తిత్వం దాకా వెళ్లి, 10 కోట్ల రూపాయల పరిహారంతో 2021లో ముగిసింది.

ఆ సెలవులో, ఆ తకరారులో మంచీనీ సొంత తప్పు ఉన్నట్టు నాకు కనిపించదు. ఆయన ఇచ్చిన మాటను వెనక ఉన్న ప్రభుత్వం కాలదన్నింది. రాయబారి అంటే ఏమిటో పాఠ్యపుస్తకాల కంటే ఈ ఉదంతమే బాగా చెబుతుంది. ఆయన చేతిలో సైన్యం ఉండదు, ఖజానా ఉండదు, సొంత విధానమూ ఉండదు. ఉన్నదల్లా మాట. ఆ మాటను అటు ఆతిథ్య దేశమూ ఇటు సొంత దేశమూ నమ్మాలి. ఏ ఒక్క వైపు నమ్మకం పోయినా ఆ పెద్ద బంగళా, జెండా కట్టిన కారు, విందులు అన్నీ ఉత్త వేషం కిందికి వస్తాయి.

ప్రధానులూ అధ్యక్షులూ నేరుగా ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. విదేశాంగ మంత్రులు నెలకో దేశం తిరిగి వస్తున్నారు. ఇక మధ్యలో రాయబారి ఎందుకన్న ప్రశ్న కొత్తది కాదు. తంతి వచ్చినప్పుడూ అడిగారు, విమానాలు వచ్చినప్పుడూ అడిగారు. దానికి జవాబు వెతకాలంటే ఆ ఉద్యోగం దేనికి పుట్టింది, దేనికి మిగిలింది అన్నది చూడాలి.

చట్టం మాట ముందు చెప్పుకుందాం. 1961 ఏప్రిల్‌లో కుదిరిన వియన్నా ఒప్పందం రాయబార కార్యాలయం పనులను ఇలా చెప్పింది: తన దేశానికి ప్రాతినిధ్యం వహించడం, తన దేశ ప్రయోజనాలనూ పౌరులనూ కాపాడటం, సంప్రదింపులు జరపడం, అక్కడి పరిస్థితులను చట్టబద్ధమైన మార్గాల్లో తెలుసుకుని సొంత ప్రభుత్వానికి నివేదించడం, స్నేహ సంబంధాలనూ ఆర్థిక, సాంస్కృతిక, శాస్త్రీయ సంబంధాలనూ పెంచడం. ఆ ‘చట్టబద్ధమైన మార్గాల్లో’ అన్న మాట చదివినప్పుడల్లా ఒప్పందం రాసినవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని చిన్నగా నవ్వుకుని ఉంటారనిపిస్తుంది. సాంస్కృతిక కార్యదర్శి హోదాలో వచ్చి సంస్కృతి మొహం చూడనివాళ్లు ప్రతి రాజధానిలోనూ ఉంటారు.

ఈ ఒప్పందంలో గట్టి భాగం రక్షణలది. రాయబార కార్యాలయంలోకి ఆతిథ్య దేశపు పోలీసులు అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. దౌత్య సంచిని తెరవకూడదు. దౌత్యవేత్తను అరెస్టు చేయకూడదు. దీనికి బదులుగా ఆతిథ్య దేశం చేతిలో ఒకే ఒక్క ఆయుధం ఉంది: నువ్వు మాకు అక్కర్లేదు, వెళ్లిపో అని చెప్పడం. కారణం చెప్పే పని కూడా లేదు. 2024 అక్టోబర్‌లో కెనడా, భారత్ చెరో ఆరుగురిని పంపించేయడం, మన హైకమిషనర్ సంజయ్ కుమార్ వర్మ వెనక్కి రావడం మనం చూసిందే.

రాయబారిని పంపే ముందు ఆ దేశం సమ్మతి రహస్యంగా అడుగుతారు. వద్దనుకున్నవాళ్లు వద్దని చెప్పరు, జవాబివ్వకుండా ఊరుకుంటారు. 2015లో ఇజ్రాయెల్ దానీ దయాన్ పేరు పంపితే బ్రెజిల్ నెలల తరబడి ఉలకలేదు, పలకలేదు. చివరికి ఇజ్రాయెలే ఆయన్ని న్యూయార్క్ కాన్సుల్ జనరల్‌గా పంపి పరువు దక్కించుకుంది. పెళ్లి సంబంధం నచ్చకపోతే కబురు చేస్తామని చెప్పి ఊరుకునే మర్యాద ఇలాంటిదే.

సమ్మతి వచ్చాక, పంపే దేశాధినేత సంతకం చేసిన నియామక పత్రాన్ని రాయబారి అక్కడి దేశాధినేతకు అందించాలి. మన రాష్ట్రపతి భవన్‌లో జరిగే ఆ తంతు వార్తల్లో ఒక ఫొటోగా వచ్చి పోతుంది. దాని వెనక మాత్రం నెత్తురు కూడా ఉంది. 1661లో లండన్‌లో, కొత్తగా వచ్చిన స్వీడన్ రాయబారి ఊరేగింపులో ఎవరి బండి ముందుండాలన్న దాని మీద స్పెయిన్, ఫ్రాన్స్ రాయబారుల మనుషులు వీధిలో కొట్టుకున్నారు, మనుషులూ గుర్రాలూ చచ్చారు. ఎవరి రాజు గొప్ప అన్న తగవు 1815 నాటి వియన్నా సమావేశం దాకా తెగలేదు. రాజు గొప్పతనంతో పని లేదు, ఎవరు ముందు వచ్చి బాధ్యత తీసుకుంటే వాళ్లే ముందు అని అక్కడ తేల్చారు. ఇప్పటికీ అదే లెక్క. కామన్వెల్త్ దేశాల మధ్య రాయబారికి బదులు హైకమిషనర్ ఉండటానికి కారణమూ ఇలాంటిదే. ఒకే కిరీటం కింద ఉన్న రోజుల్లో రాజు తన దగ్గరికి తానే రాయబారిని పంపుకోలేడు కదా. పని మాత్రం ఒక్కటే.

మన దగ్గర ఈ ఆలోచన వియన్నా కంటే చాలా పాతది. కౌటిల్యుడు దూతలను మూడు తరగతులు చేశాడు. పూర్తి అధికారం ఉన్నవాడు నిసృష్టార్థుడు, గీత గీసిన మేరకే మాట్లాడేవాడు పరిమితార్థుడు, ఉత్తరం అందించి వచ్చేవాడు శాసనహరుడు. మంత్రికి ఉండాల్సిన యోగ్యతలన్నీ మొదటివాడికి ఉండాలి, రెండోవాడికి పాతిక వంతు తక్కువైనా చాలు, మూడోవాడికి సగం. దూత పరాయి ఊళ్లో మద్యం ముట్టకూడదు, ఒంటరిగా పడుకోవాలి, ఎందుకంటే నిద్రలోనూ మత్తులోనూ మనసులో మాట బయటపడుతుంది అని కూడా చెప్పాడు. ఈ సలహా ఇచ్చినవాడికి ఇలాంటి కేసు ఏదో ఎదురై ఉంటుంది.

ఉద్యోగపర్వాన్ని ఈ కళ్లతో చదివితే మూడు తరగతులూ వరసగా కనిపిస్తాయి. మొదట ద్రుపదుడి పురోహితుడు హస్తినకు వెళ్లి చెప్పాల్సింది చెప్పి వస్తాడు. తర్వాత ధృతరాష్ట్రుడి తరఫున సంజయుడు ఉపప్లావ్యానికి వస్తాడు. ఆయన దగ్గర శాంతి అన్న మాట తప్ప ఇవ్వడానికి ఏమీ లేదు. పరిమితార్థుడి కష్టమంతా అదే, మంచివాడు, ఖాళీ చేతులవాడు. చివరికి కృష్ణుడు. అర్ధరాజ్యం నుంచి అయిదూళ్ల దాకా బేరం దించే చనువూ, కాదంటే యుద్ధమని చెప్పే అధికారమూ రెండూ ఉన్నవాడు. తిరుపతి వేంకట కవుల నాటకం పుణ్యమా అని మన పల్లెల్లో రాయబారం అంటే పద్యమే గుర్తొస్తుంది, హార్మోనియం గుర్తొస్తుంది. కానీ దుర్యోధనుడు ఆ దూతను కట్టిపడేయాలని చూసిన ఘట్టం దగ్గర ఆగి ఆలోచించేవాళ్లు తక్కువ. సభలో ఉన్నవాళ్లకు అది యుద్ధం కంటే పెద్ద నేరంగా తోచింది. దూత మీద చెయ్యి వేస్తే ఇక మాట్లాడుకునే దారే ఉండదు.

నియామక పత్రం విలువ తెలియాలంటే విజయనగరం దాకా వెళ్లాలి. హీరాత్ నుంచి తైమూరు వంశపు సుల్తాను షారుఖ్ పంపిన దూత అబ్దుర్ రజాక్ 1443లో రెండో దేవరాయల కొలువుకు వచ్చాడు. ఆయన్ని బాగా చూసుకున్నారు. రోజూ రెండు గొర్రెలు, నాలుగు జతల కోళ్లు, బియ్యం, వెన్న, చక్కెర, వాటితో పాటు రెండు వరహాలు భత్యం. ఇంతలో హోర్ముజ్ వర్తకులు ఒక పుకారు పుట్టించారు, ఇతను నిజంగా షారుఖ్ పంపిన మనిషి కాదని. మర్యాదలు పలచబడ్డాయి. సెలవు తీసుకునేటప్పుడు రాజు కూడా ఆ అనుమానం సంగతి దాచలేదట. నీ వెనక నీ రాజున్నాడన్న నమ్మకం కాస్త సడలితే పళ్లెంలో కోళ్లు తగ్గుతాయి.

హైదరాబాద్ మరో పాఠం చెబుతుంది. 1798 ఒప్పందం తర్వాత నిజాం కొలువులో ఉన్న ఇంగ్లీషు రెసిడెంటు పేరుకు దూతే. కోఠీలో జేమ్స్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ, ఆ ఎత్తయిన స్తంభాలూ మెట్లూ చూస్తే అది అతిథి ఇల్లులా ఉందా, యజమాని ఇల్లులా ఉందా అన్నది ఎవరికైనా తెలిసిపోతుంది. దివాన్లను నిలబెట్టేదీ దించేదీ ఆ ఇంటి మాటే అయింది. ఆతిథ్య దేశపు అంతర్గత వ్యవహారాల్లో వేలు పెట్టకూడదని 1961లో రాసుకున్న నియమం ఇలాంటి రెసిడెంట్ల జ్ఞాపకంతో చదివితేనే అర్థమవుతుంది. నిజాం భారత్‌తో చేసుకున్న యథాతథ ఒప్పందం కింద 1948 జనవరిలో కె.ఎం. మున్షీ భారత ఏజెంట్ జనరల్‌గా హైదరాబాద్ వచ్చినప్పుడు ఆయన హోదా ఏమిటన్నదే పెద్ద తగవైంది. రాయబారి అంటే హైదరాబాద్ వేరే దేశమని ఒప్పుకున్నట్టు, రెసిడెంటు అంటే బ్రిటిష్ వాళ్ల కుర్చీలో కూర్చున్నట్టు.

ఆ ఏడాదే పుట్టిన మరో తగవు డెబ్బయ్యేళ్లు నడిచింది. సెప్టెంబర్‌లో హైదరాబాద్ మీద భారత్ పోలీసు చర్య జరిపిన రోజుల్లో లండన్‌లోని బ్యాంకులో ఉన్న హైదరాబాద్ ప్రభుత్వ సొమ్ము పది లక్షల పౌండ్లకు పైగా అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ హబీబ్ ఇబ్రహీం రహీంతులా ఖాతాలోకి మారింది. కొద్ది రోజులకే నిజాం తన డబ్బు తనకు ఇమ్మన్నారు. బ్యాంకు ఇవ్వనంది. కోర్టుకు వెళితే, ఆ ఖాతా ఒక సార్వభౌమ దేశానిది, మేం విచారించలేమని 1957లో అప్పటి బ్రిటన్ అత్యున్నత కోర్టు అయిన ప్రభువుల సభ చెప్పింది. అలా కదలకుండా పడి ఉన్న సొమ్ము వడ్డీతో 3.5 కోట్ల పౌండ్లయింది. 2013లో పాకిస్తానే స్వయంగా దావా వేసింది. దాంతో రక్షణ పోయింది. 2019 అక్టోబర్‌లో లండన్ హైకోర్టు ఆ సొమ్ము నిజాం వారసులకూ భారత ప్రభుత్వానికీ చెందుతుందని తీర్పు చెప్పింది. కోర్టు మెట్లెక్కి వరం అడిగినవాడికి కోర్టు నుంచి రక్షణ ఉండదన్న సూత్రం మంచీనీ విషయంలో మన న్యాయమూర్తులు చెప్పిందే.

రాయబారి పనిలో బయటి వాళ్లకు కనిపించనిది, అసలైనది రాత. ప్రతి రాత్రీ సొంత రాజధానికి వెళ్లే నివేదిక. ఇందులో ఒక రాయబారి ఎంత సరిగ్గా ఉండగలడో, ఎంత తప్పుగా ఉండగలడో ఒకే నెలలో చూపించిన మనిషి సర్దార్ కె.ఎం. పణిక్కర్. ఆయన చరిత్రకారుడు, బికనేర్ సంస్థానంలో దివానుగా చేశారు, కమ్యూనిస్టు చైనాలో మన తొలి రాయబారి. 1950 అక్టోబర్ 2 అర్ధరాత్రి దాటాక బీజింగ్‌లో ఆయన్ని నిద్ర లేపి చైనా ప్రధాని చౌ ఎన్‌లై దగ్గరికి తీసుకెళ్లారు. చౌ చెప్పింది సూటి మాట: అమెరికా సేనలు 38వ అక్షాంశం దాటి ఉత్తర కొరియాలోకి వస్తే చైనా యుద్ధంలోకి దిగుతుంది. అమెరికాకూ కొత్త చైనాకూ సంబంధాలు లేవు, అందుకే ఈ కబురు మన ద్వారా. పణిక్కర్ వెంటనే ఢిల్లీకి పంపారు, అక్కడి నుంచి లండన్‌కూ వాషింగ్టన్‌కూ చేరింది.

వాషింగ్టన్ నమ్మలేదు. చైనా ఉత్తుత్తి బెదిరింపు అనుకుంది, పైగా తెచ్చినవాడు చైనా వైపు మొగ్గిన మనిషన్న ముద్ర అక్కడ ముందే పడి ఉంది. సేనలు అక్షాంశం దాటాయి. ఆ నెల మూడో వారంలో చైనా సైన్యం యాలూ నది దాటింది. మరో మూడేళ్ల యుద్ధం, లక్షల ప్రాణాలు. కబురు నూటికి నూరుపాళ్లు నిజం, అయినా తెచ్చినవాడి మీది అభిప్రాయం దాన్ని చెల్లని కాసు చేసింది.

కానీ కథ అక్కడితో ఆగదు. అదే అక్టోబర్‌లో చైనా సైన్యం టిబెట్‌లోకి వచ్చింది. ఆ వ్యవహారంలో పణిక్కర్ చైనా చెప్పిన సర్దిచెప్పుళ్లను మరీ తేలిగ్గా తీసుకున్నారని ఢిల్లీలో గట్టి విమర్శ వచ్చింది. నవంబర్ 7న నెహ్రూకు రాసిన ఉత్తరంలో హోంమంత్రి పటేల్, మన రాయబారి చైనా విధానానికి సమర్థనలు వెతికే పనిలో పడ్డారన్న అర్థంలో నిష్ఠూరంగా రాశారు. ఉన్న చోటి మనుషులను అర్థం చేసుకోబోయి వాళ్ల కళ్లతోనే చూడటం మొదలుపెట్టడం ఈ వృత్తికి పుట్టుకతో వచ్చే జబ్బు. దగ్గరికి పోకపోతే చౌ అర్ధరాత్రి కబురు పెట్టడు. మరీ దగ్గరికి పోతే టిబెట్ కనిపించదు. పణిక్కర్‌ను ఆకాశానికెత్తేవాళ్లూ, పాతాళానికి తొక్కేవాళ్లూ ఈ రెండు సంగతుల్లో ఒకటే చెబుతారు. రెండూ కలిపి చెప్పుకోవడమే ఆయనకు న్యాయం.

వాషింగ్టన్‌లో సోవియట్ రాయబారి అనతోలీ దోబ్రినిన్‌ది దీనికి తిరగేసిన కథ. క్యూబాలో క్షిపణులు పెట్టిన సంగతి 1962లో మాస్కో ఆయనకు చెప్పనే లేదు. అయినా అక్టోబర్ 27 రాత్రి అమెరికా అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెనడీ మాట్లాడింది ఆయనతోనే. టర్కీలోని అమెరికా క్షిపణులు తీసేస్తామన్న రహస్య హామీ ఆయన ద్వారానే వెళ్లింది. ఆ తర్వాత 1986 దాకా ఆయన వాషింగ్టన్‌లోనే ఉన్నారు, ఆరుగురు అధ్యక్షులను చూశారు. సొంత ప్రభుత్వమే అంధకారంలో ఉంచినా ఎదుటివాళ్లకు పనికొచ్చే మనిషిగా మిగలడం అంత తేలిక కాదు.

ఇక 2019 జులైలో వాషింగ్టన్‌లోని బ్రిటన్ రాయబారి కిమ్ డారక్ ట్రంప్ పాలన గురించి లండన్‌కు రాసిన రహస్య నివేదికలు పత్రికలో పడ్డాయి. మెచ్చుకోలు మాటలు కావవి. ఆయనతో ఇక మాకు పని లేదని ట్రంప్ అన్నారు, డారక్ రాజీనామా చేశారు. ఆయన చేసింది ఒప్పందంలో రాసి ఉన్న పనే, నిర్మొహమాటంగా నివేదించడం. అప్పటి నుంచి రాయబారులు కాగితం మీద ఎంత తక్కువ రాస్తే అంత క్షేమం అనుకోవడం మొదలుపెట్టారంటే తప్పుపట్టలేం, కానీ నష్టం మాత్రం వాళ్ల ప్రభుత్వాలదే.

రాయబారులుగా ఎవరిని పంపాలన్న చర్చ ఎప్పుడూ ఉంది. అమెరికా అధ్యక్షులు ఎన్నికల విరాళాలిచ్చినవాళ్లకు పెద్ద పెద్ద రాజధానులు పంచిపెడతారు, అది వాళ్లకు సిగ్గుపడే సంగతిగా కూడా కనిపించదు. నెహ్రూ తొలి రోజుల్లో రాజకీయ నాయకులనూ పండితులనూ పంపారు. మాస్కోకు మొదట వెళ్లిన విజయలక్ష్మీ పండిట్‌ను స్టాలిన్ ఒక్కసారీ చూడలేదు. ఆమె తర్వాత వెళ్లిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను 1950లోనూ 1952లోనూ కలిశాడు. ఆంధ్ర విశ్వకళా పరిషత్తు ఉపాధ్యక్షుడిగా పనిచేసిన ఈ తత్వశాస్త్ర ఆచార్యుడు రాయబారిగా ఉంటూనే ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు కూడా చెప్పి వచ్చేవారు. పూర్తికాలం దౌత్యం చేసినవాళ్లకు దక్కని తలుపు ఆయనకు తెరుచుకుంది. హైదరాబాద్ నుంచి అలీ యావర్ జంగ్ కైరోలో, బెల్‌గ్రేడ్‌లో, పారిస్‌లో, వాషింగ్టన్‌లో పనిచేశారు. సయ్యద్ అక్బరుద్దీన్ ఐక్యరాజ్య సమితిలో మన శాశ్వత ప్రతినిధిగా ఉన్నారు.

ఉద్యోగ దౌత్యంలో లోపలి చరిత్ర అంత అందంగా లేదు. 1949లో విదేశాంగ సర్వీసులో చేరిన తొలి మహిళ సి.బి. ముత్తమ్మ. మహిళా అధికారి పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి, అవసరమనిపిస్తే ఉద్యోగం వదులుకోమని చెప్పే హక్కు ప్రభుత్వానికి ఉంది అన్న నియమం అప్పట్లో పుస్తకంలో ఉండేది. 1970లో హంగరీకి రాయబారిగా వెళ్లిన ఆమె, పదోన్నతి నిరాకరిస్తే సుప్రీంకోర్టుకెక్కారు. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నియమాలను తూర్పారబట్టారు.

మరి కుర్చీ ఖాళీగా ఉంటే ఏమవుతుంది? 2021 జనవరి తర్వాత రెండేళ్లకు పైగా ఢిల్లీలో అమెరికాకు పూర్తిస్థాయి రాయబారి లేడు. ఎరిక్ గార్సెటీ నియామకం అక్కడి సెనేట్‌లో ఇరుక్కుని 2023లో గానీ తేలలేదు. ఈలోగా క్వాడ్ కూటమి సమావేశాలు జరిగాయి, ఒప్పందాలు కదిలాయి, తాత్కాలిక అధికారులతో బండి నడిచింది. రాయబారి అక్కర్లేదనేవాళ్లకు ఇది మంచి ఉదాహరణ. భారత్, పాకిస్తాన్ రాజధానుల్లో 2019 ఆగస్టు నుంచి హైకమిషనర్లు లేరు, 2025 ఏప్రిల్ తర్వాత సిబ్బందిని 30కి కుదించారు. అక్కడ ఖాళీ కుర్చీ బరువు వేరు. సంబంధాలు బాగున్నప్పుడు రాయబారి లేకపోయినా ఫోన్లు మోగుతాయి. చెడినప్పుడు ఫోన్ ఎత్తేవాడు ఉండడు, అప్పుడు కావాలి ఎదురుగా కూర్చుని మాట వినగలిగే మనిషి. ఈ వృత్తి విలువ మంచి రోజుల్లో కొలిస్తే దొరకదని నా అభిప్రాయం.

రక్షణల గురించి ఒక మాట. జనానికి కోపం తెప్పించేది ఇదే. 2015లో గుర్‌గావ్‌లో ఇద్దరు నేపాలీ మహిళలపై అత్యాచారం చేశాడన్న ఆరోపణ ఎదుర్కొన్న సౌదీ దౌత్యవేత్త ఏ విచారణా లేకుండా దేశం దాటిపోయాడు. 2013 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో మన డిప్యూటీ కాన్సుల్ జనరల్ దేవయాని ఖోబ్రగడేను అరెస్టు చేయగలిగారంటే, కాన్సులేట్ అధికారులకు రాయబార కార్యాలయం వాళ్లంత రక్షణ ఉండదు కాబట్టి. మనం ఆమెను ఐక్యరాజ్య సమితిలోని మన కార్యాలయానికి మార్చి పూర్తి రక్షణ తెప్పించుకున్నాం. మనవాళ్ల విషయంలో రక్షణ హక్కు, ఎదుటివాళ్ల విషయంలో అన్యాయం అన్నట్టు మాట్లాడటంలో ఏ దేశమూ తీసిపోదు. అదే సమయంలో 2008 జులై 7న కాబూల్‌లో మన రాయబార కార్యాలయం గేటు దగ్గర జరిగిన పేలుడులో బ్రిగేడియర్ రవి దత్ మెహతా, దౌత్యవేత్త వి. వెంకటేశ్వరరావు చనిపోయారన్నదీ మరవకూడదు. ఏ ఒప్పందమూ బాంబును ఆపదు.

తెలుగువాళ్లలో ఎక్కువమందికి రాయబారి పేరు తెలియదు, తెలియాల్సిన పనీ పడదు. వాళ్లకు తెలిసింది ‘ఎంబసీ’. హైదరాబాద్‌లో 2008లో అమెరికా కాన్సులేట్ వచ్చాక, ఇప్పుడు నానక్‌రామ్‌గూడలోని ఆ భవనం ముందు ఫైళ్లు గుండెలకు హత్తుకుని నిలబడే పిల్లలకూ, చదువు పూర్తయిన కొడుకు పట్టా పుచ్చుకోవడం చూడాలని వచ్చే తల్లిదండ్రులకూ ఆ దేశం అంటే కిటికీ అవతల కూర్చున్న వీసా అధికారే. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప, అన్నమయ్య జిల్లా, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లకు ఎంబసీ అంటే మరో అర్థం. కఫీల్, అంటే పనికి పిలిపించుకున్న యజమాని, పాస్‌పోర్టు గుంజుకున్నప్పుడు, అకామా అనే నివాస అనుమతి గడువు దాటినప్పుడు, పారిపోయాడని యజమాని హురూబ్ ఫిర్యాదు పెట్టినప్పుడు, కాగితాల్లేని ‘ఖల్లివెల్లి’ బతుకు చాలనిపించి ఇంటికి చేర్చే ఔట్‌పాస్ కోసం పోయినప్పుడు తట్టే తలుపు.

ఒక మనిషి రియాద్‌లో క్యాంపులో నిద్రలోనే గుండె ఆగి చనిపోయాడనుకుందాం. ఆసుపత్రి నివేదిక, పోలీసు కాగితం కావాలి. ఇక్కడ ఊళ్లో భార్యో తండ్రో శవాన్ని పంపడానికి ఒప్పుకుంటూ, అక్కడ ఫలానా వ్యక్తికి అధికారం ఇస్తూ పత్రం రాసి పంపాలి. దాని మీద రాయబార కార్యాలయం అభ్యంతరం లేదని లేఖ ఇస్తుంది, పాస్‌పోర్టు రద్దు చేస్తుంది. బకాయి జీతం సంగతి కంపెనీతో తేల్చుకోవాలి. శవం పాడుకాకుండా మందులు పట్టించాలి. ఎగ్జిట్, అంటే దేశం విడిచే అనుమతి, వేయించాలి. అప్పుడు విమానంలో సరుకుగా ఎక్కి శంషాబాద్ చేరుతుంది పెట్టె. ఇందులో ఒక్క కాగితం తేడా వచ్చినా వారాలు పడుతుంది, హత్యో ఆత్మహత్యో అన్న అనుమానం ఉంటే నెలలు. కంపెనీ ఖర్చు పెట్టుకోనంటే 2009లో పెట్టిన భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. విదేశాల్లోని మన కార్యాలయాల్లో పాస్‌పోర్టు, వీసా వంటి పనులకు కట్టే రుసుములోంచి కొద్ది కొద్దిగా పోగయ్యే డబ్బు అది.

ఎంబసీ ఏం చేయలేదో కూడా చెప్పాలి. అక్కడి జైల్లో ఉన్న మనవాడిని కలవడం, లాయరును పెట్టించడం 1963 నాటి కాన్సులర్ ఒప్పందం ఇచ్చిన హక్కు. కుల్‌భూషణ్ జాదవ్ కేసులో పాకిస్తాన్ ఆ హక్కు తొక్కిపెట్టిందని 2019 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం తేల్చింది. కానీ తీర్పు మార్చే అధికారం ఏ రాయబారికీ లేదు. సిరిసిల్ల ప్రాంతానికి చెందిన ఐదుగురు ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో దుబాయ్ జైల్లో 18 ఏళ్ల దాకా గడిపి 2024 ఫిబ్రవరి ప్రాంతంలో ఇల్లు చేరారు. మృతుడి కుటుంబానికి పరిహారం చెల్లించి క్షమాభిక్ష పత్రం తెచ్చినా, దాన్ని అక్కడి కోర్టు ఒప్పుకునే దాకా ఏళ్లు గడిచాయి.

మన విదేశాంగ సర్వీసులో ఉన్న అధికారులు వెయ్యికి అటూ ఇటూ. ప్రపంచమంతా పంచితే ఎక్కడా చాలరు. అందులో చురుకైన వాళ్లు వాషింగ్టన్, న్యూయార్క్, బీజింగ్ వైపు చూస్తారు, అది సహజమే. లక్షలాది మంది కూలీలున్న రియాద్‌లో, కువైట్‌లో, మస్కట్‌లో రాయబారికి కావాల్సిన నేర్పు అక్కడి కార్మిక శాఖ మంత్రితో ఉన్న పరిచయం. 2016లో జెద్దాలో సౌదీ ఓజర్ కంపెనీ జీతాలు ఆపేసి, మెస్సులు మూసేసినప్పుడు వేలాదిమంది భారతీయులు తిండికి అలమటించారు. కాన్సులేట్ రేషన్ పంచింది, సహాయ మంత్రి వి.కె. సింగ్ వెళ్లారు, యజమాని సంతకం లేకుండానే ఎగ్జిట్ వేయడానికి సౌదీ ప్రభుత్వం ఒప్పుకుంది. జీతం బకాయిల క్లెయిములు రాసిచ్చి జనం విమానం ఎక్కారు. మరుసటి ఏడాది, 2017లో ఆ కంపెనీ మూతపడింది. మనుషులను వెనక్కి తేవడం కొన్ని వారాల పని, వాళ్ల డబ్బు రాబట్టడం ఆ తర్వాత వచ్చిన రాయబారుల టేబుళ్ల మీద ఏళ్ల తరబడి ఉండిపోయిన పని.